మాస్టరు చేసినట్టే పోర్క్ వేపుడు

విశాఖపట్నం పాత పోస్టాఫీసు వెనక సందులో ప్రభుదాసు ఇల్లు ఉంది. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు: ప్రభుదాసు, అతని భార్య దయామణి, తమ్ముడు సౌలు. ఊళ్ళో తెలివి తక్కువగా ఉందంటే, ఎక్కువ భాగం తమ ఇంట్లో ఉండిపోవడమే కారణమని ముగ్గురి నమ్మకం.

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివి. సొంతంగా ఆలోచించినవాడు చెడిపోతాడు," అనేవాడు ప్రభుదాసు. దయామణి తల ఊపేది. సౌలుకు తల ఊపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఊపేవాడు కాదు.

ఇంత తెలివి ఉన్నా దయామణికి ఒక దిగులుంది. ఆడపడుచు ఎస్తేరమ్మ పక్క వీధిలోనే ఉంటుంది, కానీ ఈ గడప తొక్కడం మానేసింది. పోయిన క్రిస్మస్‌కి వచ్చినప్పుడు స్టవ్ మీద కూర పెట్టి, "నేను చెప్పేదాకా కట్టెయ్యకు," అని దయామణికి చెప్పి, నడుం వాల్చి నిద్రపోయింది. దయామణి కట్టలేదు. ఎస్తేరమ్మ లేచేసరికి కూర బొగ్గయింది, గిన్నె అడుగు ఊడింది, వంటిల్లంతా పొగ. ఆ పొగలోంచి దయామణి గొంతు వినిపించింది: "ఇప్పుడు కట్టనా వదినా?"

"ఇక మీ ఇంట్లో చెయ్యి కడిగితే ఒట్టు!" అని వెళ్ళిపోయింది ఎస్తేరమ్మ.

అప్పటినుంచి దయామణికి కబుర్లు చెప్పుకోవడానికి మనిషి లేదు. ఇంట్లో మగవాళ్ళు అడిగితేనే మాట్లాడతారు, అడిగినంతే మాట్లాడతారు. చివరికి ఒకరోజు చర్చి మెట్ల దగ్గర ధైర్యం చేసి, "ఒక్కసారి రా వదినా," అని బతిమాలింది.

ఎస్తేరమ్మ కాస్త మెత్తబడింది. "స్టేషన్ రోడ్డు చైనా హోటల్లో పోర్క్ వేపుడు చేస్తారే, అది చెయ్యి. అచ్చం ఆ రుచే రావాలి. రాలేదో, మీ గుమ్మం ముఖం మళ్ళీ చూడను."

అంతే. ముగ్గురూ హోటల్‌కి పరుగెత్తారు. అక్కడి వంటమాస్టరు ఐజాక్ మంచివాడు. వాళ్ళని వంటగది గుమ్మంలో నిలబెట్టి, "నేను ఎలా చేస్తున్నానో చూడండి. ఇంటి దగ్గర ఇలాగే చెయ్యండి. ఒక్కటి వదిలినా ఈ రుచి రాదు," అన్నాడు. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

ముగ్గురూ రెప్ప వెయ్యకుండా చూశారు. ఐజాక్ మధ్యలో ఒకసారి రెప్ప వేశాడు. దయామణి అది కూడా గుర్తుపెట్టుకుంది.

ఆదివారం చర్చి నుంచి రాగానే ప్రభుదాసు ఐజాక్ లాగే ఎడమ భుజం మీద తువ్వాలు వేసుకుని స్టవ్ ముందు నిలబడ్డాడు. పోర్క్ సన్నటి పీలికలుగా కోసి, సోయా సాస్, మిరియాల పొడి, కార్న్‌ఫ్లోర్ పట్టించి ఉంచారు. దయామణి పక్కన నిలబడి వరస చెబుతోంది.

"కడాయి పొగలు కక్కాలి."

"కక్కింది."

"నూనె."

"పోశా."

"మాంసం వెయ్యి. రెప్ప వెయ్యి. ఇప్పుడు యోబుని తిట్టు."

ప్రభుదాసు గరిటె గాల్లో ఆగిపోయింది. నిజమే. సరిగ్గా అక్కడే ఐజాక్, ఉల్లికాడలు తరిగే యోబు మీద విరుచుకుపడ్డాడు.

"మనింట్లో యోబు లేడే!"

"లేకపోతే ఎలా? రుచి అక్కడే ఉందేమో!"

ఇంకేముంది, స్టవ్ కట్టేసి సౌలును పంపారు. ఆ సందులో యోబు అనే పేరుగల మనిషి ఒక్కరే, రిటైరైన తహసీల్దారు గారు. ఇంకా చర్చి బట్టల్లోనే ఉన్నారు. సౌలు ఆయన చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తెచ్చాడు. భోజనానికి పిలిచారనుకుని ఆయన నవ్వుతూ వచ్చారు. దయామణి ఆయనకు పీట వేసి, చేతిలో ఉల్లికాడల కట్ట పెట్టింది. ప్రభుదాసు మళ్ళీ స్టవ్ వెలిగించాడు, రెప్ప వేశాడు, వెనక్కి తిరిగాడు.

"ఒరేయ్ యోబూ! చెవులు ఇంటి దగ్గర పెట్టొచ్చావురా? ఆ ఉల్లికాడలు ఈ ఏడు తరుగుతావా, వచ్చే ఏడా?"

తహసీల్దారు గారు ఉల్లికాడలు నేలకేసి కొట్టి విసవిసా వెళ్ళిపోయారు.

"హమ్మయ్య! అక్కడ యోబూ ఇలాగే కొట్టాడు," అంది దయామణి.

తర్వాత వెల్లుల్లి, క్యాప్సికం, ఉల్లిపాయ. ఆ తర్వాత ప్లేటు పగలాలి. హోటల్లో ఎవరి చేతిలోంచో జారి రెండు చెక్కలైంది. సౌలు ఒక ప్లేటు వదిలాడు. ముక్కలు ముక్కలైంది.

"రెండేరా, రెండు చెక్కలే!" అని దయామణి హెచ్చరించింది.

సౌలు ఇంకోటి వదిలాడు. అదీ అంతే. మరోటి, మరోటి. చివరికి ఒకటి సరిగ్గా రెండుగా చీలింది. కాకపోతే అది ఇంట్లో ఆఖరి ప్లేటు.

కడాయి దించారు. కానీ ప్రభుదాసు చెయ్యి ఆగలేదు. "చెయ్యి ఆగకూడదు," అన్న మాస్టరు, ఎప్పుడు ఆపాలో చెప్పలేదు మరి. అప్పుడే బయట స్కూటర్ చప్పుడైంది. భర్త స్కూటర్ దిగి ఎస్తేరమ్మ లోపలికి వచ్చింది.

"రా అక్కా," అన్నాడు ప్రభుదాసు, గరిటెతో గాలిని కలుపుతూ. సాస్ చుక్క ఎగిరి ఆవిడ పట్టుచీర మీద పడింది. ఎస్తేరమ్మ దాన్ని చూడనే లేదు. కళ్ళు మూసుకుని వాసన పీలుస్తోంది.

"దయా! అదేనే! అచ్చం ఆ హోటల్ వాసనే!"

దయామణి గుండె గంతులేసింది. "కూర్చో వదినా, ఇంకొక్కటే మిగిలింది," అని వంటింట్లోకి పరుగెత్తింది. ఆ ఒక్కటీ మరిచిపోతే ఇంత కష్టమూ వృథా.

కాసేపటికి చేతులు తుడుచుకుంటూ, ముఖం వెలిగిపోతుండగా వచ్చింది.

"పెట్టవే మరి, ఆకలేస్తోంది."

"అంతా అయిపోయింది వదినా."

"ఏదీ?"

"వెళ్ళిపోయింది. మాస్టరు చివర్లో డబ్బాలో పెట్టి, కవరు ముడివేసి, హెల్మెట్ పెట్టుకున్న స్కూటర్ మనిషికి ఇచ్చాడు. 'చల్లారకముందే చేర్చు,' అన్నాడు. బయట హెల్మెట్‌తో స్కూటర్ మీద అన్నయ్య గారున్నారు. సౌలు ఇచ్చి, అదే మాట అన్నాడు. వెంటనే వెళ్ళిపోయారు."

ఎస్తేరమ్మ భర్త ఇమ్మానియేలు ఎవరి మాటకూ ఎదురు చెప్పి ఎరగడు.

ప్రభుదాసు గరిటె ఇంకా గాల్లో తిరుగుతూనే ఉంది. ఎస్తేరమ్మ ముఖం ఎర్రబడింది. దయామణికి పోయిన క్రిస్మస్ పొగ కళ్ళలో మెదిలింది. అయిపోయింది, ఇక వదిన రాదు.

"దయా," అంది ఎస్తేరమ్మ. "వెనిగర్‌లో ఊరేసిన మిరపకాయలు ఇచ్చావా?"

"లేదు వదినా…"

"పార్సెల్‌తో అవి ఇస్తారు కదే! ఒక్కటి వదిలినా రుచి రాదని మాస్టరు మీకు చెప్పలేదూ? పట్రా సీసా!"

ఎంతైనా ప్రభుదాసు అక్క కదా.

ఎస్తేరమ్మ సీసాతో ముందు పరుగు, వెనక దయామణి, ఆ వెనక సౌలు, చివర గాలిని కలుపుతూ ప్రభుదాసు. పక్క వీధికి చేరేసరికి ఇమ్మానియేలు హెల్మెట్ తియ్యకుండా, పార్సెల్ పట్టుకుని, తాళం వేసిన తన ఇంటి బెల్ నొక్కుతున్నాడు.

"ఎంత నొక్కినా ఎవరూ తియ్యట్లేదు," అన్నాడు.

"నేను ఇంట్లో లేనిదే ఎవరు తీస్తారండీ!" అని ఎస్తేరమ్మ తాళం తీసి, సీసా భర్త చేతికిచ్చి, లోపలికి వెళ్ళి, గడియ పెట్టుకుంది. "ఊఁ, ఇప్పుడు నొక్కండి!"

బెల్ మోగింది. తలుపు తెరుచుకుంది. పార్సెల్, సీసా లోపలికి వెళ్ళాయి. తలుపు మూసుకుంది.

నలుగురూ గుమ్మం బయట నిలబడ్డారు. దయామణి ఉండబట్టలేక కిటికీ దగ్గరికి వెళ్ళింది. "ఎలా ఉంది వదినా?"

"అచ్చం హోటల్లాగే!" నిండు నోటితో జవాబొచ్చింది. "మీ ఇంట్లో చెయ్యి కడగలేదు, నా ఒట్టూ తప్పలేదు! వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానే, బోలెడు కబుర్లున్నాయి!"

దయామణి కళ్ళు చెమర్చాయి. "మమ్మల్ని లోపలికి రమ్మనవా వదినా?"

"పార్సెల్ తెచ్చినవాళ్ళని ఎక్కడైనా కూర్చోబెడతారటే!"

అదీ నిజమే. ముగ్గురూ తృప్తిగా మెట్లు దిగారు. "ప్లేట్లు కొనాలి," అంది దయామణి. "యోబు గారికి ముందే చెప్పాలి," అన్నాడు ప్రభుదాసు. సౌలు అప్పుడే తహసీల్దారు గారి ఇంటివైపు తిరిగాడు, వచ్చే ఆదివారం తిట్టించుకోవడానికి తప్పకుండా రమ్మని పిలవడానికి.

వెనక ఇమ్మానియేలు మళ్ళీ బెల్ నొక్కాడు. తలుపు సగం తెరుచుకుంది.

"నేను ఇంటికి రావచ్చా?" అని అడిగాడు హెల్మెట్‌లోంచి.

"ఇవాళ ఇంకేమీ ఆర్డరు చెయ్యలేదండీ," అని ఎస్తేరమ్మ తలుపు వేసేసింది.