మూడింటి నొప్పికి సిలిండర్ ఊరేగింపు

బూరుగువలసలో ఆరు మంచాల ఆసుపత్రి ఒకటుంది. దాని యజమాని డాక్టర్ మృదుల గారే అయినా, నడిపేది మాత్రం తామేనని ముగ్గురికి గట్టి నమ్మకం. హెడ్ కాంపౌండర్ బంగారయ్య, అతని భార్య ఆయా నరసాయమ్మ, ఆమె తమ్ముడు వాచ్‌మన్ దాలినాయుడు. ముగ్గురిదీ ఒకటే ఇల్లు, ఒకటే తెలివి. ఆ ఒక్కదాన్నీ వంతులవారీగా వాడుకుంటారని ఊళ్ళోవాళ్ళు అనేవారు గానీ, బంగారయ్య అలాంటి మాటలు చెవిన పెట్టేవాడు కాదు.

"డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చేస్తాం మనం. ఇంతకన్నా తెలివేటుంటాది?" అనేవాడు రోజూ అన్నాల దగ్గర. మిగతా ఇద్దరూ నోట్లో ముద్దతోనే తలలూపేవారు.

ఒకరోజు పొద్దున్నే డాక్టరమ్మ ముగ్గుర్నీ బల్ల మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టారు.

"క్లస్టర్ తలనొప్పి అని ఒకటుంది. రోగి మన ముందే నిలబడ్డా మనం గుర్తుపట్టడం లేదు. అది ఒక కంటి చుట్టూనే వస్తుంది. ఆ కన్ను ఎర్రబడుతుంది, ఆ ఒక్క కంట్లోంచే నీళ్ళు కారతాయి. మనిషి కుదురుగా కూర్చోలేడు, అటూ ఇటూ తిరుగుతాడు. పడుకోబెట్టకండి, తిరగనివ్వండి. చాలామందికి రోజూ గడియారం కొట్టినట్టు ఒకే వేళకి వస్తుంది. రాగానే ఆక్సిజన్ మాస్కు పెట్టి, ఫుల్లుగా వదిలి, పదిహేను నిమిషాలు ఉంచండి. కొందరు మొహమాటపడి 'నాకేం లేదు' అంటారు, నమ్మి పంపెయ్యకండి. మన టైలర్ లోకనాథం గారిది ఇదే జబ్బు. తొమ్మిదేళ్ళుగా ఎవరూ కనిపెట్టలేదు."

ఆ మాటకి బంగారయ్య గుండె కలుక్కుమంది. మూడేళ్ళపాటు ఆ టైలర్‌కి ముక్కులో చుక్కలు వేసి పంపింది తనే. పాపం ఆ మనిషి నొప్పికి తాళలేక గోడకి తల కొట్టుకుంటుంటే, "పెచ్చులూడతాయి నాయనా!" అని కసిరింది కూడా తనే. ఈసారి ఎలాగైనా ఆయన నొప్పి తీర్చి తీరాలనుకున్నాడు.

"మధ్యాహ్నం నాకు ఆపరేషనుంది. మూడింటికి లోకనాథం గారొస్తారు. ఆయన్ని మీ చేతుల్లో పెడుతున్నాను," అని డాక్టరమ్మ లోపలికి వెళ్ళిపోయారు.

అంతే. ముగ్గురికీ ఛాతీలు పొంగిపోయాయి.

ముందుగా వచ్చింది అప్పాయమ్మ అనే ముసలావిడ. తల పట్టుకుని ఓ మూల కూర్చుంది.

"తలనొప్పే గానీ కూర్చునుందే!" అన్నాడు దాలినాయుడు.

"కూర్చోకూడదు. తిప్పు," అన్నాడు బంగారయ్య.

ఇంకేముంది, చెరో రెక్కా పట్టుకుని వరండా పొడుగునా తిప్పారు. ముసలావిడ లబోదిబోమని ఏడ్చింది. నరసాయమ్మ ఆమె మొహంలోకి తొంగి చూసి, "రెండు కళ్ళంటా కారుతున్నాయి! ఒకటి ఆపు అప్పాయమ్మా, జబ్బు తప్పుతోంది," అని బతిమాలింది.

"నా జబ్బు కాఫీ తాగకపోవడమే, మీ అసాధ్యం కూలా!" అని తిట్టిపోసి ఆవిడ కాఫీ హోటలుకేసి పరుగెత్తింది.

"చూశావా, మన వైద్యంతో ఎంత హుషారొచ్చిందో," అన్నాడు బంగారయ్య.

రెండున్నర దాటింది. దాలినాయుడు గోడ గడియారం వంక చూస్తూ బుర్ర గోక్కున్నాడు.

"బావా, గడియారం కొట్టినట్టు వస్తాదన్నారు కదా. అసలు గడియారం కొట్టకపోతేనో?"

బంగారయ్య కళ్ళు మెరిశాయి. బావమరిదిని కౌగలించుకున్నంత పని చేశాడు. వెంటనే గడియారం దించి బ్యాటరీ పీకేశాడు. గడియారం సరిగ్గా రెండూ యాభై దగ్గర ఆగిపోయింది.

అప్పుడే లోకనాథం వచ్చాడు. బక్కపలచని మనిషి. రాబోయే నొప్పిని తలుచుకుని ముందే మొహం పాలిపోయింది.

"భయం లేదండీ. ఇయ్యాల మా ఆసుపత్రిలో మూడవ్వదు," అన్నాడు బంగారయ్య.

లోకనాథం ఏదో అడగబోయాడు. అంతలోనే కుడికన్ను నొక్కిపట్టుకుని "అమ్మా!" అని కేక పెట్టాడు. కన్ను ఎర్రబడింది. నీళ్ళు కారాయి. ఆ చివర నుంచి ఈ చివరికి తిరగడం మొదలుపెట్టాడు.

"ఎలాగొచ్చిందబ్బా!" అని ముగ్గురూ తెల్లబోయారు. నరసాయమ్మ కనిపెట్టింది. "అదిగో, చేతికి కట్టుకుని మరీ తెచ్చుకున్నాడు!" అని అతని వాచీ ఊడదీసి దూది డబ్బాలో దాచేసింది. అయినా నొప్పి తగ్గలేదు. లోకనాథం గోడకేసి నడుస్తుంటే బంగారయ్య అడ్డుపడ్డాడు. పరుగున వెళ్ళి మాస్కు తెచ్చి పెట్టి, సిలిండర్ ఫుల్లుగా తిప్పాడు.

సిలిండర్ గొట్టం రెండు బారలే. మనిషేమో ఆగడు. నాలుగడుగులు వెయ్యగానే గొట్టం పట్టి లాగేసింది.

"ఆపేద్దామా?" అంది నరసాయమ్మ.

"చాల్లే! తిరగనివ్వమన్నారు డాక్టరమ్మ. స్ట్రెచరు తే!"

సిలిండర్‌ని స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. ఎండకి వేడెక్కుతుందని పైన తెల్ల దుప్పటి కప్పారు. ముందు దాలినాయుడు విజిల్ వేస్తూ, వెనక నరసాయమ్మ రొప్పుతూ మోశారు. బంగారయ్య గొట్టాన్ని ఎత్తిపట్టుకుని లోకనాథం పక్కనే నడిచాడు. లోకనాథం వరండా దాటాడు, గేటు దాటాడు, బజారెక్కాడు. ఆపడానికి ఎవరికీ మనసొప్పలేదు.

బజారంతా లేచి నిలబడి దణ్ణం పెట్టింది. "ఎవరు పోయారమ్మా?" అని అడిగింది ఒకావిడ.

"ఎవరూ పోలేదు, గాలి!" అంది నరసాయమ్మ. కిళ్ళీకొట్టు దగ్గర బీడీ వెలిగించబోతున్నవాణ్ణి బంగారయ్య ఒక్క అరుపు అరిచి ఆపించాడు. ఇంకొకావిడ లోకనాథం వెంటపడి, "నా జాకెట్టు ఎప్పుడిస్తావు?" అని నిలదీసింది. మాస్కు తియ్యకుండానే అతను రెండు వేళ్ళు చూపించాడు.

పదిహేను నిమిషాలయ్యాయేమో చూసి రమ్మని బంగారయ్య భార్యని పంపి, స్ట్రెచరు తనే మోశాడు. ఆమె ఆసుపత్రికి వెళ్ళి వచ్చి, "ఇంకా రెండూ యాభయ్యే. ఒక్క నిమిషం కూడా అవ్వలేదు," అంది. ఇంకేముంది, బజారు చుట్టూ మళ్ళీ తిప్పారు.

మూడో చుట్టులో లోకనాథం ఆగాడు. మెల్లగా మాస్కు తీశాడు.

"బంగారయ్య గారూ, తగ్గిపోయిందండీ. తొమ్మిదేళ్ళలో ఇంత తొందరగా తగ్గడం ఇదే మొదలు," అని బావురుమన్నాడు.

బంగారయ్య కూడా నడిరోడ్డు మీదే ఏడ్చేశాడు. మూడేళ్ళ బరువు గుండె మీంచి దిగినట్టయింది.

నరసాయమ్మ మాత్రం కంగారుపడింది. "అయ్యో, ఈయనకీ రెండు కళ్ళంటా వస్తున్నాయి! కాఫీ ఇప్పించండి!"

డాక్టరమ్మ సంగతంతా విని తల పట్టుకున్నారు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. లోకనాథానికి రోజూ వేసుకునే మాత్రలు రాసిచ్చారు. మూడు వారాలకి నొప్పి రావడమే మానేసింది. ఈ జబ్బు సంగతి ఊళ్ళో వైద్యం చేసేవాళ్ళందరికీ తెలియాలని, ఓ శనివారం మధ్యాహ్నం అందర్నీ ఆసుపత్రికి పిలిచారు. మందుల షాపులవాళ్ళు, కాంపౌండర్లు, కళ్ళ డాక్టరు, పళ్ళ డాక్టరు, అందరూ వచ్చి కూర్చున్నారు. ముందుమాట చెబుతుండగానే కాన్పు కేసు రావడంతో డాక్టరమ్మ లోపలికి వెళ్ళారు. "లోకనాథం గారు చెబుతారు, మీరు చూసుకోండి," అన్నారు బంగారయ్యతో.

లోకనాథం లేచి చెప్పాడు. మూడు జతల కళ్ళద్దాలు మార్చిన సంగతి చెప్పాడు. పంటి నుంచే వస్తోందని చెప్పి నాలుగు మంచి పళ్ళు పీకేసిన సంగతీ చెప్పి, నోరు తెరిచి చూపించాడు.

ముందు వరసలో ఉన్న పళ్ళ డాక్టరు కూర్చోలేక లేచాడు. అటూ ఇటూ తిరిగాడు. సిగ్గుతో ఎడమకన్ను నలుపుకుని ఎర్రగా చేసుకున్నాడు. ఆ కంట్లోంచి ఒక చుక్క రాలింది. బంగారయ్య మళ్ళీ బ్యాటరీ వేసిన గోడ గడియారం చూశాడు. సరిగ్గా మూడు!

అంతే. మాస్కు పడింది. స్ట్రెచరు లేచింది.

"నాకేం లేదయ్యా!" అని గింజుకున్నాడు పళ్ళ డాక్టరు.

"అలాగే అంటారండీ, నమ్మొద్దన్నారు," అన్నాడు బంగారయ్య జాలిగా. తర్వాత లోకనాథం వైపు తిరిగి, "అనుభవం ఉన్నోరు, మీరే చెప్పండి. ఎన్ని చుట్లు తిప్పమంటారు?"

లోకనాథం తన బోసి చిగుళ్ళు తడుముకున్నాడు. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి మనసారా నవ్వాడు.

"పంటికొకటి," అన్నాడు.

బంగారయ్య బుద్ధిగా తల ఊపాడు. పళ్ళ డాక్టరు మొహం మీది మాస్కు ఎత్తి, నోరు తెరిపించి, వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"ముప్ఫై ఒకటి," అని చెప్పి, గేటు తియ్యమన్నాడు.