బుధవారం తర్వాత వినలేదు

మా సలోమి మేడమ్‌కి హాజరు పిలిచే అలవాటు లేదు. ఉదయం ఎనిమిదింటికి మెడికల్ వార్డులోకి వచ్చి, ఒక్కో మంచం దగ్గర ఆగి, ఆ మంచం ఏ విద్యార్థికి అప్పజెప్పారో వాళ్లని ఒకే మాట అడిగేవారు: "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం తేడా?" జ్వరం, నాడి, ఆకలి, గుండె చప్పుడు, ఏదో ఒకటి చెప్పాలి. చూసింది, విన్నది ఎవరి కేసు పుస్తకంలో వాళ్లు ఆ రోజు తారీకు వేసి రాసి సంతకం పెట్టాలి. నెలాఖరున ఆ పేజీలు లెక్కచూసే మా హాజరు ఆఫీసుకి వెళ్లేది.

ప్రశ్న అడిగితే తిన్నగా జవాబు చెప్పే అలవాటు కూడా ఆవిడకి లేదు. "రౌండ్స్‌లో చూద్దాం పద" అనేవారు. అందరూ దాన్ని పెద్ద గుణంగా చెప్పుకునేవారుగానీ నాకు మాత్రం ఒళ్లు మండేది. రెండు ముక్కల్లో చెప్పేస్తే ఆవిడ సొమ్మేం పోతుందని గొణుక్కునేవాణ్ణి. ఈ కథ జరిగాక ఆ గొణుగుడు మానేశాను.

మా బ్యాచ్‌లో షేక్ మీరావలి అని నా స్నేహితుడు ఒకడుండేవాడు. చిలకలూరిపేట దగ్గర పల్లె. తాతముత్తాతల నుంచి సన్నాయి వాయించే ఇల్లు. ఆ చుట్టుపక్కల ఏ పెళ్లిపందిట్లోనైనా, ఏ దేవుడి ఊరేగింపులోనైనా ఆ సాయిబుల మేళమే ఉండాలి. వాడు మూడో సంవత్సరంలో ఉండగా వాళ్ల నాన్నకి మూతికి పక్షవాతం వచ్చి పెదవుల్లో బిగువు పోయింది. సన్నాయి పీక ఆయన నోట్లో నిలవనన్నది. మేళంలో ఐదుగురు, ఐదిళ్ల పొయ్యిలు వెలగాలంటే ముందు కూర్చుని ఊదేవాడొకడు కావాలి. ఆ చోట్లో మీరావలి కూర్చున్నాడు. పొద్దున ముహూర్తం ఊది, మధ్యాహ్నం బస్సెక్కి కాలేజీకి వచ్చేవాడు. పెదాలు వాచి ఉండేవి. అయినా వాడి మొహంలో విసుగు నేనెప్పుడూ చూడలేదు. రెండు పనులూ వాడికి ప్రాణమే. అదే అసలు చిక్కు.

వార్డు హాజరు నూటికి ఎనభై ఉండాలి. మాఘమాసం వచ్చేసరికి మీరావలికి ఇంకొక్క రోజు మాత్రమే వెసులుబాటు ఉంది. అది దాటితే పరీక్షకి కూర్చోనివ్వరు, ఆర్నెల్లు వెనకబడతాడు. ఆ వారం గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులు వరసగా పెళ్లిళ్లు. మేడమ్ కూడా అవే రోజుల్లో వేరే కాలేజీకి పరీక్షలు పెట్టడానికి వెళ్లారు. బుధవారం సాయంత్రం వాడు దిగాలుగా కూర్చుంటే, "నువ్వెళ్లరా, నేను చూసుకుంటా" అన్నాను. ఆ చూసుకోవడమంటే ఏమిటో వాడు అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

మీరావలికి ఇచ్చింది ఏడో మంచం. అందులో సాంబ్రాజ్యం అనే ఆమె ఉండేది. మిర్చి యార్డులో కాయలకి తొడిమలు తీసే కూలీ. ఆ బుధవారమే జ్వరంతో చేరింది. వాడు ఆ రోజు ఆమె గుండె విని "చప్పుళ్లు మామూలుగా ఉన్నాయి, అదనపు శబ్దం లేదు" అని రాశాడు. నేను గురువారం అదే వాక్యం వాడి పుస్తకంలో ఎక్కించాను. శుక్రవారం, శనివారం, ఆదివారం కూడా అదే. సంతకం కూడా వాడిదే వేశాను. నా మంచం రెండోది. ఏడో మంచం దాకా నడిచిన పాపాన పోలేదు.

సోమవారం పొద్దున మేడమ్ వరండాలో ఎదురుపడగానే మీరావలి అడిగేశాడు.

"మేడమ్, మేళం వదిలేస్తే మావాళ్లు పస్తులుండాలి. చదువు వదిలేద్దామంటే నాకు మనసొప్పడం లేదు. రెండూ చెయ్యడం తప్పా? తప్పయితే ఏది మానుకోమంటారో మీరే చెప్పండి."

ఆవిడ గడియారం చూసుకున్నారు. "ఎనిమిదవుతోంది. ఏడో మంచం చూద్దాం పద."

మీరావలి సాంబ్రాజ్యం గుండె మీద స్టెతస్కోప్ ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు. తర్వాత మెల్లిగా అన్నాడు: "శబ్దం ఉంది మేడమ్. చాలా సన్నగా. సన్నాయి పీక సరిగా బిగించకపోతే గాలి పక్కనుంచి జారుతుంది చూడండి, అలా."

మేము పదిమందిమీ ఒకరి తర్వాత ఒకరం విన్నాం. ఒక్కరికీ ఏమీ వినిపించలేదు. మేడమ్ కళ్లు మూసుకుని విన్నారు. "ఉంది," అన్నారు.

పీజీ డాక్టర్ హరిణి గబగబా మీరావలి పుస్తకం తిప్పింది. వాడి చెవి ఎలాంటిదో వార్డంతటికీ తెలుసు. వాడు లేదని రాస్తే హరిణి ఇంకోసారి వినేది కాదు. ఈ నాలుగు రోజులూ వాడు వచ్చాడో లేదో చూడకుండా పుస్తకం చూసి అలాగే చేసింది. "మేడమ్, ఆదివారం దాకా శబ్దం లేదు. ఇవాళ వచ్చింది. జ్వరం గుండె వాల్వుకి ఎక్కి రాత్రికి రాత్రే చీలిపోయుంటుంది. స్కానింగ్ డాక్టరు రేపుగానీ రారు. ఆలోగా ప్రాణం మీదకి రావచ్చు. ఇప్పుడే అంబులెన్సులో హైదరాబాదు పంపేద్దాం, ఆపరేషన్‌కి."

వాల్వు చీలి ఉంటే ఆమెని ఒక పూట ఆపడం కూడా ప్రమాదం. చీలకుండా ఉంటే ఆ నీరసంలో అంత దూరం కుదిపి పంపడం, అక్కడ ఛాతీ తెరవడం ప్రమాదం. ఏదైనా ఆ పుస్తకంలోని నాలుగు వాక్యాల మీదే ఆధారపడి ఉంది. నేను ఒక అడుగు వెనక్కి వేసి అందరి వెనకా నిలబడ్డాను.

మేడమ్ మీరావలి వైపు తిరిగారు. "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం తేడా?"

'నిన్న లేదు మేడమ్' అంటే సరిపోయేది. పుస్తకం సాక్ష్యం ఉంది, హాజరు నిలబడుతుంది, పరీక్ష రాస్తాడు. వాడు నా వైపు చూడలేదు. సాంబ్రాజ్యం వైపు చూశాడు.

"తెలీదు మేడమ్. నేను నిన్న లేను. బుధవారం తర్వాత నేను వినలేదు. ఆ రాసినవి నేను రాసినవి కావు."

సాంబ్రాజ్యం దిండు మీద నుంచి తలెత్తి, "నాకు చెప్పే పోయాడమ్మా, పెళ్లిళ్లున్నాయని. మీకు చెప్పలేదా ఏంది?" అంది.

"నాకు చెప్పలేదమ్మా," అన్నారు మేడమ్.

ఆవిడ పుస్తకం అందుకుని పేజీలు చూశారు. "ఈ రాత ఎవరిది?"

"నాది మేడమ్," అన్నాను.

"ఈ మంచం దగ్గరికి వచ్చావా?"

"లేదు మేడమ్."

తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ పుస్తకం హరిణి చేతికిచ్చి, "శబ్దం ఎప్పుడు మొదలైందో మనకి తెలియదు. తెలియదు అనే రాయమ్మా. నేనూ నాలుగు రోజులు ఊళ్లో లేనని రాయి," అన్నారు. తర్వాత నాడి, బీపీ, ఊపిరి స్వయంగా చూసుకున్నారు. అన్నీ నిలకడగా ఉన్నాయి. రక్తం పరీక్షకి పంపించి, వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టించారు. అంబులెన్సుని గేటు దగ్గరే ఉంచమన్నారు. మీరావలిని స్టూలు వేసుకుని ఏడో మంచం పక్కన కూర్చోమన్నారు. గంటకోసారి వినాలి, ఆ శబ్దం ఏ మాత్రం పెరిగినా, తీరు మారినా ఆ క్షణమే బండి కదలాలి.

ఆ రోజు వాడు అన్నానికి కూడా లేవలేదు. గంటగంటకీ విని, "అంతే ఉంది" అని తన చేత్తో రాసేవాడు. మూడో గంటకల్లా సాంబ్రాజ్యమే వాడికి ధైర్యం చెప్పడం మొదలుపెట్టింది. "నీ మొహం చూస్తే నాకే బయమేస్తంది బాబూ, కాస్త మంచినీళ్లు తాగు," అని తన చెంబు అందించింది. చీకటి పడే వేళకి హరిణి వచ్చి ఆ పని అందుకుంది. అప్పటికే ఏ చప్పుడు వినాలో ఆమెకి వాడు నేర్పి ఉన్నాడు.

మంగళవారం స్కానింగ్ అయింది. వాల్వు చీలలేదు. అంచున చిన్న పొక్కులా వాపు కనిపించింది. ఆరు వారాలు ఇంజెక్షన్లు చేస్తే సరిపోతుందన్నారు. ఆ మాట విని మీరావలి వరండాలో గోడకి జారగిలబడి కూర్చుండిపోయాడు. నేను పక్కన కూర్చుని ఏడ్చాను. సిగ్గేమీ పడలేదు. వాడు నా వీపు మీద ఒక్కటి చరిచి, "లేవరా, నా దస్తూరీ అంత బాగా దించినవాడివి, ఏడవడం కూడా నేనే నేర్పాలా?" అన్నాడు.

వాడికి నాలుగు గైర్హాజర్లూ పడ్డాయి, దొంగ సంతకాలకి నాకూ నాలుగు పడ్డాయి. తర్వాత పడ్డ ఇంకొకటి కలుపుకుని వాడికి నాలుగు రోజులు తక్కువయ్యాయి. వేసవి సెలవుల్లో అందుకు మూడింతలు వార్డులో పనిచేసి పూడ్చుకోవచ్చని కాలేజీలో ఒక నియమం ఉండేది. సెలవుల్లో వచ్చి పనిచేశాడు. మంచి ముహూర్తాలన్నీ ఆ రోజుల్లోనే. వాటికి మేళంలోనే ఉన్న బాజీ అనే వాళ్ల మామ, వాడంత బాగా కాకపోయినా, ముందు కూర్చుని ఊదాడు. ఆ సంగతి ముందే చెబితే రెండు పెళ్లివాళ్లు వేరే మేళం మాట్లాడుకున్నారు, మిగిలినవాళ్లు సరేనన్నారు. ఆ పైన నాకు మేడమ్ వేసిన శిక్ష ఒక్కటే: సాంబ్రాజ్యం గుండెలో ఆ శబ్దం నాకు వినిపించేదాకా రోజూ వినాలి. ఇరవై ఒకటో రోజున వినిపించింది. "హమ్మయ్య, నా గుండెకాయ అరిగిపోతందనుకున్నా," అని ఆమె నవ్వింది. ఆరు వారాలకి తన కాళ్ల మీద తను నడుచుకుంటూ ఇంటికి వెళ్లింది.

అవన్నీ తర్వాతి మాటలు. స్కానింగ్ అయిన మర్నాడు, బుధవారం సాయంత్రం, మీరావలి నన్ను వెంటబెట్టుకుని మేడమ్ గదికి వెళ్లాడు.

"రేపు పెళ్లుంది మేడమ్, ముందే ఒప్పుకున్నది. నేను రాను. గైర్హాజరు వెయ్యండి. ఏడో మంచం హరిణి గారికి అప్పజెప్పాను, ఏమేం వినాలో చెప్పాను. సాంబ్రాజ్యానికి కూడా చెప్పాను."

మేడమ్ తలూపారు. ఏదో రాసుకుంటూ అడిగారు: "గట్టిమేళం అనే వేళకి నువ్వు పందిట్లో లేకపోతే మీవాళ్లేం చేస్తారు?"

"మామ ఊదుతాడు మేడమ్. పెళ్లివారికి ముందే చెప్తాం."

"చెప్పడమెందుకు? నువ్వే ఊదావని అనేస్తే సరిపోదూ?"

మీరావలికి నవ్వాగలేదు. "భలేవారు మేడమ్! తాళి కట్టే వేళ అబద్ధం ఊదుతామా?" అన్నాడు. మేడమ్ నవ్వలేదు. రాసుకుంటూనే ఉన్నారు. వాడి నవ్వు కాసేపటికి దానంతటదే ఆగిపోయింది.

సెలవు తీసుకుని గుమ్మం దాకా వచ్చినవాడు మళ్లీ వెనక్కి తిరిగాడు. "మేడమ్, సోమవారం అడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు. రెండింట్లో ఏది మానుకోమంటారు?"

ఆవిడ కలం పక్కన పెట్టి, మొదటిసారి వాడి వైపు నిండుగా చూశారు.

"లేనప్పుడు లేనని చెప్పావు కదయ్యా. ఇక ఉన్నానంటే నమ్ముతాను. వెళ్లు, మీ మేళంవాళ్లు ఎదురుచూస్తుంటారు."