దిండులో కెంపు

ఊరందరి రాళ్ళ కింద రంగురేకు పెట్టే దస్తగిరికి, తన ఇంటి కెంపు కింద కూడా ఒక రేకు ఉంటుందని యాభై దాటేదాకా తట్టలేదు. తెలివిగల్లోళ్ళ సంగతి ఇంతే.

ప్రొద్దుటూరు బంగారంగళ్ళ వీధిలో రాళ్ళు పొదగడంలో దస్తగిరిది పెద్ద చెయ్యి. రేకంటే మోసమేం కాదు, పనిలో అదొక పద్ధతి. రాయి కూర్చునే గూట్లో ముందు సన్నని రంగురేకు పరుస్తారు. దానిమీద రాయి పెట్టి, వెనకాల బంగారంతో మూసేస్తారు. పాలిపోయిన రాయి కూడా ఆ రేకు చలవతో ఎర్రగా నిగనిగలాడతాది. ఇది తెలియని పనివాడు ఆ వీధిలో లేడు. అయినా "మా ఇంటి కెంపుకు రేకూ లేదు గీకూ లేదబ్బా, అది పుట్టుకతోనే ఎరుపు" అని దస్తగిరి ఎన్నిసార్లు అన్నాడో టీబంకాయనను అడగాల.

ఆ కెంపుకొక ఆనవాయితీ ఉంది. ఇంటికి కోడలు వస్తాందంటే, నిశ్చయం నాడు పిల్ల వేలికి తొడిగే ఉంగరంలో ఆ రాయే ఉండాల. బంగారం కరుగుతాది, ఉంగరం మారుతాది, రాయి మారదు. కట్టేది కూడా బయటి చెయ్యి కాకూడదు. పిల్లకు మామ అయ్యేవాడే కట్టాల.

దస్తగిరి పెండ్లాం మహబూబీకి దస్తగిరి వాళ్ళ నాయిన కట్టినాడు. ఆ పొద్దు ఆయన గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. అప్పుడే పనిలోకి దిగిన దస్తగిరి తలుపు కాడ నిలబడి "నన్నూ చూడనీ నాయినా" అని ఎంత బతిమాలినా తీయలేదు. "నీ వంతు వచ్చినప్పుడు చూద్దువులేరా" అన్నాడు లోపలి నుంచే.

ఇన్నాళ్ళకు వంతు వచ్చింది. కొడుకు ఇమాంబాషాకు నస్రీన్‌ను అనుకున్నారు. వరసకు మేనకోడలే, పక్క వీధి పిల్లే. నోరున్న పిల్ల. మాటలు ఖాయం చేసుకున్న రోజు పెద్దోళ్ళందరి ముందరా అడిగేసింది.

"మామా, ఉంగరం వెనకాల మూయొద్దు. అడుగు తెరిచి పెట్టు. వెలుతురు రాయిలోంచి దూరి పోవాల."

"దానికేం భాగ్యం!" అన్నాడు దస్తగిరి. "మా కెంపుకు వెనకాల గోడ అక్కర్లేదు తల్లీ. చూద్దువు గాని, నీ వేలిమీద నిప్పుకణం పెట్టినట్టుంటాది." అని మీసం దువ్వినాడు. వియ్యంకుడు విన్నాడు, వియ్యంకురాలు విన్నది, వచ్చిన చుట్టాలంతా విన్నారు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మహబూబీ ఉంగరం ముందు పెట్టుకొని గూడు విప్పినాడు. నల్లబడిన రేకు పొడిపొడిగా రాలింది. రాయి తెల్ల కాగితం మీద పడింది. దానిమ్మగింజలు కడిగిన నీళ్ళ రంగు. అంతే.

దస్తగిరి దాన్ని గుడ్డతో తుడిచినాడు. అటు తిప్పినాడు, ఇటు తిప్పినాడు. కిటికీ కాడికి పోయి పైకెత్తి చూసినాడు. పిల్ల అడిగినట్టే వెలుతురు బాగా దూరిపోతాంది. ఎరుపు మాత్రం యాడా లేదు.

ముందు నాయిన మీద కోపమొచ్చింది. తర్వాత సిగ్గైంది. ఆ తర్వాత, ఇంత మనిషికి, ఏడుపొచ్చినంత పనైంది. ఎవరికీ చెప్పలేదు, మహబూబీకి కూడా. అంగళ్ళన్నీ తిరిగి సరిగ్గా అదే కొలతలో ముదురు ఎరుపు కెంపొకటి కొనుక్కొచ్చినాడు. రెండు రాళ్ళనూ రెండు పొట్లాలు కట్టి జేబులో వేసుకొని, మౌలాలి తాత కాడికి బయలుదేరినాడు.

మౌలాలి తాతది పెన్న ఒడ్డున ఒక కొట్టం. వయసులో ఉన్నప్పుడు పత్తి ఏకి, పరుపులు కుట్టినాడు. ఇప్పుడు ఒళ్ళు సాగక దిండ్లు మాత్రం కుడతాడు. బేస్తవారమైతే జనం వచ్చి కష్టం సుఖం చెప్పుకొని పోతారు. ఆయన ఎవరికన్నా ఉపదేశం చేయంగా విన్నోళ్ళు లేరు. దస్తగిరి చిన్నప్పుడే ఆ తాత చెయ్యి పట్టుకొని మురీదైనాడు, అంటే శిష్యుడైనాడు. ఏ పనైనా ఆయన చెవిన వేసినాకే చేస్తాడు.

"ఏమిరా, ఎల్లుండి నిశ్చయం పెట్టుకొని మొగం అట్ల యాలాడేసినావు?" అన్నాడు తాత, దిండు గలీబులో దూది కూరుతా.

దస్తగిరి అంతా చెప్పినాడు. పొట్లాలు విప్పి ముందర పెట్టినాడు. చివరికి అడగాల్సింది అడిగినాడు.

"తాతా, ఈ కొత్తదాన్ని ముట్టి దువా చెయ్యి. ఎల్లుండికి ఇదే కడతా. పాతది పెట్టెలో పడేస్తా. ఇంటి మాట నిలబడాల గదా. పిల్లకు మాత్రం నష్టమేముంది, ఇంకా మంచిదే ఇస్తాండా!"

తాత విన్నాడో లేదో. ఆయన చూపంతా పాత రాయి మీదే ఉంది.

"యాదీ, ఇట్లా తే" అని తీసుకొని, కుడుతున్న ఆకుపచ్చ గలీబు మీద పెట్టినాడు. "అరెరె, పచ్చగైపోయిందే!" లుంగీ మీద పెట్టుకున్నాడు. నీలం తిరిగింది. దూదిమీద పెట్టినాడు. యాడుందో తడుముకోవాల్సి వచ్చింది. మళ్ళీ గలీబు, మళ్ళీ లుంగీ. "చూడురా దస్తగిరీ, యా ఇంటికి పోతే ఆ ఇంటి మనిషైపోతాంది!"

దస్తగిరికి ఒళ్ళు మండింది. కొంప మునుగుతాంటే ఈ ఆటలేంది?

తాత కొత్త రాయి ఎత్తుకున్నాడు. గలీబు మీద పెట్టినాడు, ఎరుపు. లుంగీ మీద ఎరుపు. దూదిమీద మరీ ఎరుపు.

"ఇది ఎవురి మాటా వినే రకం కాదు" అన్నాడు.

"మంచి కెంపంటే అట్లనే ఉంటాది తాతా."

"ఉంటాదేమో. కెంపుల సంగతి నాకేం తెల్సు? దూది సంగతి అడుగు, చెప్తా."

"నేనడిగేది వేరే తాతా. మా నాయిన ఇన్నేండ్లూ మాకు అబద్ధం చెప్పినాడా, లేదా?"

"ఏమని చెప్పినాడు?"

"రాయి ఎర్రదని."

"మీ నాయిన చెప్పినాడా?"

దస్తగిరి తల వంచి ఆలోచనలో పడినాడు. నాయిన ఎప్పుడన్నాడు? పండగ నాడా? పెండ్లి నాడా? ఎంత తవ్వుకున్నా ఒక్కటే మాట గుర్తొస్తాంది, గడియ పెట్టిన తలుపు వెనకాల నుంచి. ఎర్రది, ఎర్రది అని ఊరంతా చాటింది తానే.

అతను తల పైకెత్తేలోపల తాత రెండు రాళ్ళనూ దిండు మూతిలో వేసేసినాడు. మోచేతిదాకా చెయ్యి పెట్టి దూదిలో బాగా కలిపినాడు. దబ్బనం తీసుకొని మూతి కుట్టడం మొదలుపెట్టినాడు.

"తాతా! తాతా! ఏం చేస్తాండావు?"

"దిండు కుడతాండా."

"ఎల్లుండి నిశ్చయం తాతా! రాళ్ళు!"

"రాయి ఎవురిది? మామదా, కోడలిదా?" తాత దారం కొరికినాడు. "రేపు ఆ పిల్లను రమ్మను. వచ్చి తీసుకుంటాది."

తాత మాట దాటే అలవాటు దస్తగిరికి లేదు. తిట్టుకుంటానే లేచిపోయినాడు.

మరుసటి పొద్దున నస్రీన్ వచ్చింది. రెండు చేతులకూ అప్పుడే కడిగిన గోరింటాకు. కొట్టమంతా ఆ వాసనే.

"ఏం తాతా, నా కెంపును దిండులో దాచినావంట?"

"దాచలేదమ్మా, పండుకోబెట్టినా. లేపుకో."

పిల్లకు నవ్వొచ్చింది. దిండు ఒళ్ళో పెట్టుకొని కుట్టు విప్పింది. చెయ్యి లోపలికి దూర్చింది. దూది ముక్కులోకి పోయి తుమ్మింది, మళ్ళీ వెతికింది. దస్తగిరి గుంజకు ఆనుకొని నిలబడినాడు. ఎర్రది రావాల, ఎర్రదే రావాల అని లోపల లోపల మొక్కుకుంటాండాడు. ఎర్రది చేతికొస్తే ఇదేనమ్మా అనేస్తాడు. ఇంక ఎవరికీ ఏమీ చెప్పే పనుండదు.

"దొరికింది!"

పిడికిలి తెరిచింది. అరచేతిలో రాయి ఎర్రగా ఉంది.

దస్తగిరి ఊపిరి వదిలినాడు. హమ్మయ్య అనుకొని ఒక అడుగు ముందుకేసి వంగినాడు. రాయి అంచున ఒక చోట గింజంత పెచ్చు లేచి ఉంది. చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో కూర్చొని, ఆమె వేలి ఉంగరంలో ఆ పెచ్చునే గోటితో గీకి తిట్లు తిన్నాడు.

ఇది పాత రాయి.

"ఇదేనా మామా?"

ఊ అంటే సరిపోతాది. రాయీ మనదే, ఎరుపూ ఉంది. తాత వైపు చూసినాడు. తాత తుమ్మకుండా ముక్కు మూసుకొని, ఎగిరిన దూది ఏరుకుంటాండాడు.

"ఇదేనమ్మా" అన్నాడు దస్తగిరి. ఆగినాడు. "కానీ నస్రీనూ... దీనికి రంగు లేదు. ఇన్నాళ్ళూ కింద రేకు ఉండింది. నాకూ తెల్దు. తెలీకుండానే మీవాళ్ళ ముందర అంతంత మాటలు మాట్లాడినా. ఆ దిండులో ఇంకోటి ఉంది, కొత్తది, బాగా ఎర్రది. అదే మాదని చెప్పి కట్టాలనుకున్నా."

నస్రీన్ రాయిని రెండు గోళ్ళ మధ్య పట్టుకొని వాకిట్లోకి పోయి ఎండకు ఎత్తింది. నీళ్ళ రంగు. అరచేతిలో పెట్టుకుంది. ఎరుపు. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దించింది. నిన్న తాత ఆడినట్టే ఆడుతాంది.

"మామా, అత్త వేలికి ఉన్నప్పుడు వెనకాల మూసేసి ఉండింది గదా?"

"ఊ."

"అంటే ఇన్నేండ్లు వేలికే ఉన్నా, అత్త చెయ్యి దీనికి తగల్నే లేదా?"

దస్తగిరి తల అడ్డంగా ఊపినాడు.

"పాపం" అన్నది పిల్ల. రాయిని అన్నదో, అత్తను అన్నదో.

"అమ్మా, ఒక మాట" అన్నాడు దస్తగిరి. ఇంక దాచేదేముంది. "ఇది గోరింటాకు ఎరుపు. నాల్రోజులుంటే పోతాది."

"పోతే మళ్ళీ పెట్టుకుంటా. పెట్టుకోకపోతే నా చెయ్యి రంగుంటాది. దానికేమైంది?" రాయిని తెచ్చి మామ చేతిలో పెట్టింది. "రేకు మాత్రం పెట్టొద్దు. రేప్పొద్దునకు కట్టెయ్, అమ్మ తొందర పడతాంది." తాతకు సలాం చెప్పి, ఒళ్ళంతా దూది దులుపుకుంటా పోయింది.

దస్తగిరి అరచేతికి ఏండ్ల పొగ, లక్క మరకలు పట్టి ఉన్నాయి. రాయి ఆ చేతిలో గోధుమరంగు తిరిగి కూర్చుంది. అతను దాన్ని అటూ ఇటూ దొర్లించి చూసినాడు.

"మీ నాయిన చూద్దువులే అన్నాడంటివే" అన్నాడు తాత. "చూసినావా?"

"చూసినా తాతా."

పోబోయి వాకిట్లో ఆగినాడు. "తాతా, ఆ రెండోది దిండులోనే ఉంది."

"ఉంది."

తాత దిండును దగ్గరికి లాక్కున్నాడు. పిల్ల విప్పిన మూతిని మళ్ళీ దబ్బనంతో గట్టిగా కుట్టినాడు. ముడేసి దారం కొరికి, రెండు పక్కలా తట్టి, దస్తగిరి చేతుల్లో పెట్టినాడు.

"ఇది నీ తలకిందికి. ఒత్తుకుంటే రా, ఇంకొంచెం దూది పెడతా."