విస్సన్న పలికించని గోరింక

అనగనగా, ఓడలొచ్చి ఆగే ఒక రేవు పట్నం ఉండేదర్రా పిల్లలూ. అక్కడ కొమ్మిశెట్టి అని ఒక వర్తకుడు. ఆయన లెక్కలు రాయడానికి గంటం పట్టేవాడు కాదు. కొట్టులోకి ఏ సరుకు వచ్చిందో, అది ఎవరిదో అంతా ఒక గోరింకకు నేర్పి, రోజూ పొద్దున్నే దానిచేత ఒప్పజెప్పించుకునేవాడు. ఆ ఊళ్లో గోరింక మాటే సాక్ష్యం.

ఏం లాభం! ఓడలు మునిగాయి, శెట్టి దివాలా తీశాడు. అప్పులవాళ్లు వాకిట్లో కూర్చున్నారు. రాజుగారు విస్సన్న అనే ఉద్యోగిని పిలిచి, "తగవు తేలేదాకా శెట్టి సొత్తు నీ చేతిలో పెడుతున్నాను. ఎవరిది వాళ్లకు చేరాలి సుమా!" అన్నారు.

విస్సన్న మంచివాడే. ఒకరి గవ్వకు ఆశపడే మనిషి కాదు. శెట్టి వెళ్తూ వెళ్తూ, "బాబూ, గోరింకను రోజూ పలికించు. లేకపోతే మరిచిపోతుంది" అన్నాడు.

"అలాగేలే" అన్నాడు విస్సన్న. గిడ్డంగికి తాళం వేశాడు, పెట్టెలకు వేశాడు, పంజరానికీ వేశాడు. గింజలూ నీళ్లూ పెట్టించాడు. ఇంకేం కావాలి అనుకున్నాడు.

కొన్నాళ్లకు గోరింక, "అయ్యా, నన్ను పలికించవూ? సరుకుల పేర్లు మరిచిపోతున్నాను" అంది.

"తలుపులు బాగుచేయిస్తున్నాను, ఉండు" అన్నాడు.

మళ్లీ అడిగింది. "కావలివాళ్లను మారుస్తున్నాను, ఉండవే!"

మూడోసారి బతిమాలింది. "అయ్యా, సరుకు దాచుకున్నవాళ్ల పేర్లు కూడా పోతున్నాయి. ఒక్కసారి కూర్చుని వినవయ్యా."

విస్సన్నకు విసుగొచ్చింది. "తిండి పెడుతున్నా ఈ గోలేమిటి?" అని పంజరం మీద గుడ్డ కప్పించాడు. గోరింక ఇక అడగలేదు.

అప్పులు తీర్చడానికి రాజుగారి సభలో శెట్టి సొత్తు వేలం వేసే రోజు వచ్చింది. నేతపని చేసుకునే వీరమ్మ పరుగెత్తుకొచ్చింది. "మహారాజా, ఆ మూలనున్న మగ్గం నాది! వరదకు ఇల్లు కూలితే శెట్టిగారి గిడ్డంగిలో దాచుకున్నాను. అది పోతే నా పిల్లలకు కూడు లేదు."

అప్పులవాళ్లు ఊరుకుంటారా? "గిడ్డంగిలో ఉన్నదంతా శెట్టి సొత్తే" అని కేకలేశారు. శెట్టి మాత్రం అది ఆవిడదేనన్నాడు. కానీ దివాలా తీసినవాడి మాట సభలో చెల్లదు. గోరింకను తెమ్మన్నారు.

గుడ్డ తీశారు. "చెప్పవే తల్లీ, ఆ మగ్గం ఎవరిది?" అని అడిగారు రాజుగారు.

గోరింక తల వాల్చి, "తాళం వేశారా? తాళం వేశారా?" అంది.

రోజూ సాయంత్రం విస్సన్న కావలివాళ్లను అడిగే మాట అది. పాపం, గుడ్డ కింద దానికి వినిపించింది అదొక్కటే.

సభంతా గొల్లున నవ్వింది. వీరమ్మ నవ్వలేదు. విస్సన్న ముందుకొచ్చాడు. "తప్పు నాది మహాప్రభూ! దాన్ని నేను పలికించలేదు" అన్నాడు.

"నీ తప్పు తెలిసింది. మగ్గం ఎవరిదో తెలియలేదే!" అన్నారు రాజుగారు. సాక్ష్యం లేక మగ్గం కూడా వేలానికి పోయింది; ఎవరో పరదేశి దాన్ని పాడుకుని ఓడెక్కించాడు.

విస్సన్న వీరమ్మ వెంటపడ్డాడు. "అమ్మా, నా ఇల్లమ్మి నీకు కొత్త మగ్గం చేయిస్తాను."

"చేయించు నాయనా, పిల్లల కోసం పుచ్చుకుంటాను" అంది వీరమ్మ. "కానీ అంతమందీ నన్ను అబద్ధాలకోరు అనుకుని నవ్వారే, అది ఏం అమ్మి తీరుస్తావు?"



నీతి: పరుల సొత్తు మన చేతికొచ్చినప్పుడు తాళం వేస్తే చాలదు, అది ఎవరిదో చెప్పే సాక్ష్యాన్ని కూడా చెడిపోకుండా కాపాడాలి.