కొండచిలువను ఆడించబోయిన నక్క

నల్లకొండ అడవిలో పాముల్ని చూపించే పని చిట్టెన్న అనే నక్కది. ఊరి పశువుల్నీ పక్షుల్నీ వెంటబెట్టుకెళ్ళి, ఏ పుట్టలో ఎవరున్నారో, ఏ బండ మీద ఎవరు ఎండ కాగుతున్నారో చూపించేవాడు. పాములు దీనికి ఒక్క షరతు మీద ఒప్పుకున్నాయి: పది అడుగుల అవతల నిలబడి చూడాలి, ముట్టుకోకూడదు.

ఆ పొద్దున బాతు సూరమ్మ, మేకపోతు గంగులు, ముసలి ఎద్దు వీరభద్రం వచ్చారు. వాగు పక్క బండ మీద కొండచిలువ చుట్ట చుట్టుకుని పడుకుంది.

"అదిగో! జింకను అమాంతం మింగే ఘనుడు!" అన్నాడు చిట్టెన్న.

సూరమ్మ మెడ సాచింది. "కదలడేమయ్యా? బతికే ఉన్నాడా?"

"ఈ మోకుచుట్ట చూడ్డానికా ఇంత దూరం నడిపించావ్?" గంగులు గడ్డం ఎగరేశాడు. "రేపట్నుంచి నీ వెంట ఎవరొస్తారో చూస్తా!"

చిట్టెన్నకు తన పని పోతుందని భయం పట్టుకుంది. గంగులు చెవిన పడ్డది సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది.

"పడుకోనీరా అబ్బాయ్, పాపం," అన్నాడు వీరభద్రం.

"నువ్వూరుకో పెద్దయ్యా! నేను లేపితే లేస్తాడు. మేమిద్దరం ఒకే కంచంలో తిన్నవాళ్ళం!"

చిట్టెన్న దర్జాగా బండెక్కాడు. "లే మామా, చుట్టాలొచ్చారు!" అని తోక తట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. వెనకాల గంగులు కిసుక్కుమన్నాడు. దాంతో చిట్టెన్నకు రోషం పొడుచుకొచ్చి, తోక పట్టుకుని కసుక్కున కొరికాడు.

కన్నుమూసి తెరిచేలోగా వాడి ఒంటికి మూడు చుట్లు పడ్డాయి.

"మామా! నేను... చిట్టెన్నని!"

"తెలుసు," అంది కొండచిలువ. "అందుకే నెమ్మదిగా నొక్కుతున్నా."

సూరమ్మ రెక్కలు టపటపలాడించింది. "ఇదీ ఆటంటే! ముందే చూపించొచ్చుగా!"

"కా... కాపాడండి..."

"గొంతు కూడా ఎంత బాగా మార్చాడో!" గంగులు గిట్టలు తాటించాడు.

వీరభద్రానికి మాత్రం సంగతి అర్థమైంది. ముందుకొచ్చి, పది అడుగుల దూరంలోనే ఆగి తల వంచాడు. "అయ్యా, నీ ఇంటికొచ్చి నిన్నే కరిచాడు. తప్పు మావాడిదే. ఈసారికి వదిలెయ్."

కొండచిలువ చిట్టెన్న మొహంలోకి చూసింది. "నేనెవర్ని?"

"ఇంటి... ఆసామివి!"

"నువ్వు?"

"చూసి... పోయేవాణ్ణి!"

చుట్లు వదులయ్యాయి. చిట్టెన్న తడిబట్టలా జారి కిందపడ్డాడు.

మర్నాటి నుంచి అందరికీ ముందు వీరభద్రం నడిచేవాడు. అందరికన్నా వెనక పక్కటెముకలు పట్టుకుని చిట్టెన్న. "మళ్ళీ ఆ ఆట ఎప్పుడు చూపిస్తావన్నా?" అని గంగులు అడిగినప్పుడల్లా వాడికి దగ్గు ముంచుకొచ్చేది.

నీతి: ఒకరి ఇల్లు చూడబోయినవాడు చూసి రావాలి గానీ, ఆ ఇంటివాణ్ణి ఆడించబోకూడదు.