పేరు పెట్టని లేయరు

"మేష్టారూ, నూట ఎనభై డ్రాయింగుల్లోనూ చెయ్యాల్సింది ఒకే పని. ఒక్కోటీ తెరిచి చూడడమెందుకు?" అని పద్మలీల అడిగింది.

డ్యాము ఆఫీసులో పాత డ్రాఫ్ట్స్‌మన్ గవర్రాజుని అందరూ మేష్టారనే పిలిచేవారు; పద్మలీల ఆయన కింద కొత్తగా చేరింది. కోడలు తోమిన గిన్నెల్ని అత్తగారు తిప్పి తిప్పి చూసినట్టు, ఆయన ప్రతి డ్రాయింగునీ కంప్యూటర్లో తెరిచి మూలమూలలా చూసి మూసేవారు. ఆయన పని తెమిలేలోపు డ్యాము పాతబడిపోతుందని టీకొట్టు దగ్గర నవ్వుకునేవారు. ఆ నవ్వేవాళ్లు పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి గానీ లేచేవాళ్లు కారు.

అవి జలాశయంలో మునగబోయే బూరుగుపాడు డ్రాయింగులు, ఇంటికొకటి. అనవసరమైన గీతలు తీసేసి పంపమని పై ఆఫీసు అడిగింది. మేష్టారు కంటి ఆపరేషనుకి వెళ్లిన వారంలో పద్మలీల అన్ని డ్రాయింగుల్నీ దానంతటదే సవరించే స్క్రిప్టు ఒకటి రాసింది. కంప్యూటరు డ్రాయింగులో ఒక్కో రకం గీతలు ఒక్కో లేయర్లో, అంటే ఒక్కో పొరలో ఉంటాయి. గోడలు, గుమ్మాలు, ప్రహరీల లేయర్లు ఉంచి తక్కినవన్నీ చెరిపెయ్యమంది. పదకొండు నిమిషాల్లో అన్నీ అయిపోయాయి. కంప్యూటరు ఆన్ చెయ్యడం రాని హెడ్డు గుమాస్తా అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నాడు. మేష్టారు తిరిగొచ్చేసరికి డ్రాయింగులు వెళ్లిపోయాయి.

డ్యాములో నీళ్లు నింపిన పదో రోజున బూరుగుపాడు జంగం బసవయ్య ఆఫీసుకొచ్చాడు. జంగాల్లో పోయినవాళ్లని పెరట్లోనే సమాధి చేస్తారు. ఊరు ఖాళీ చేయించేటప్పుడు, డ్రాయింగుల్లో ఉన్న సమాధులన్నీ తవ్వించి కొత్త కాలనీకి చేరుస్తామని అధికారులు మాటిచ్చారు.

"మా ఆడమనిషిని ఇంకా కాలనీకి తేలేదండీ," అన్నాడు బసవయ్య. "మీ సర్వేయరు నా ముందే కొలిచి గీసుకున్నాడు, జామచెట్టు పక్కన."

పద్మలీల ఆ ఇంటి డ్రాయింగు తెరిచింది. పెరడు తెల్లగా ఉంది. పాత నకలు తెరిస్తే అందులో చిన్న చతురస్రం ఉంది. సమాధులకి ఆఫీసు జాబితాలో లేయరు లేదు గనక, సర్వేయరు దాన్ని పేరు పెట్టని లేయర్లో గీశాడు. ఊరి మీద ఇప్పుడు ముప్పై అడుగుల నీళ్లు.

బసవయ్యకి ఆమే చెప్పింది. అతను కోప్పడలేదు.

"జామచెట్టు కూడా మునిగిందా అమ్మా," అని అడిగి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

పద్మలీల పాత నకళ్ల ఫోల్డరు తెరిచింది. "మేష్టారూ, ఇలాంటివి ఇంకెన్ని పోయాయో పాత నకళ్లన్నిట్లో వెతికే స్క్రిప్టు ఒకటి రాయనా?"

"రాయి తల్లీ," అన్నారు మేష్టారు. "ఎన్ని పోయాయో అది చెబుతుంది. ఆ ఇళ్లవాళ్లకి చెప్పడానికి మాత్రం ఒక్కో గడపా ఎక్కాలి."