ఎడమచేతి కొడవలి

ఫలానా కెమెరా కొనుక్కోమని కోదండం మేస్టారు ఎవరికీ చెప్పరు. అడిగితే ఆయనకి కోపం. అది తెలిసి కూడా పట్టాభి అడిగాడు.

పట్టాభి పోస్టాఫీసులో గుమాస్తా. ఆదివారాలు మేస్టారి స్టూడియోకి వచ్చి, ఆయన పాత కెమెరాతో ఫోటోలు తియ్యడం నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు సొంతంగా డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా కొనుక్కోవాలని కూర్చున్నాడు. డబ్బు ఎప్పుడో కూడింది, ఏది కొనాలో మాత్రం తేలలేదు. ఆ ఆదివారం ఒక కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. దాని నిండా గళ్లు. నాలుగు కెమెరాలు, వాటి మెగాపిక్సెళ్లు, లెన్సులు, సెకనుకి ఎన్ని ఫోటోలు తీస్తాయో అన్నీ రాసుకున్నాడు.

"వీటిల్లో ఏది మంచిదండీ?"

"దేనికి?" అన్నారు మేస్టారు.

"అన్నిటికీనండి. మొదటి కెమెరా కదండీ, మళ్లీ మళ్లీ కొనలేను."

మేస్టారు ఆ కాగితం మడిచి అతని జేబులోనే కుక్కారు. నా వైపు తిరిగి, "కత్తెర తెగటం లేదన్నావు కదమ్మా, పద, సాన పట్టించుకొద్దాం. పట్టాభీ, నువ్వూ రా" అన్నారు. నేను ఆ స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించి కవర్లలో పెడుతుంటాను. అలా ఆ రోజు జరిగింది నా కళ్లతో చూశాను.

మేం వెళ్లేసరికి కమ్మరి వీరాచారి కొలిమి దగ్గర గొడవ అవుతోంది. నూకరత్నం అనే కూలిమనిషి కొత్త కొడవలి నేలకేసి కొట్టి నిలబడింది. మొన్నటి గాలివానకి చేలన్నీ పడిపోయాయి. పడిన చేలో కోత మిషను దిగదు, మనుషులే కొయ్యాలి. పన్నెండుమంది ఆడవాళ్లు జట్టుగా ఒప్పుకున్నారు. నూకరత్నం రెండు రోజులుగా వరసలో వెనకబడుతోంది. మూడో రోజూ వెనకబడితే ఇంక రావద్దన్నారట.

వీరాచారి ఆ కొడవలి తీసి దుమ్ము దులిపాడు. "మీరే చూడండి మేస్టారూ. లారీ కమాను పట్టీ సాగగొట్టి చేశాను. కక్కు పళ్ల మీద గోరు పెడితే గోరు తెగుద్ది. చుట్టుపక్కల ఇలాంటిది ఎవడు చేస్తాడు? ఈవిడ గారికి నచ్చలేదంట!"

పట్టాభి దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పి, పళ్ల మీద వేలు ఆనించి చూశాడు. గోడకి తగిలించిన మిగతా కొడవళ్లు కూడా చూశాడు.

"ఇదే తీసుకోమ్మా. ఇక్కడున్న అన్నిట్లోకీ ఇదే మంచిది."

నూకరత్నం అతని మొహంలోకి చూసింది. "నువ్వు కోస్తావా బాబూ?"

"నేనా?"

"మరి మంచిదంటన్నావు? ఏ చేత్తో పడతానో అడిగావా?" అని ఎడమ చెయ్యి చాపింది. "కక్కు కుడిచేతోళ్లకి కొట్టాడు. నేను లాగితే తెగదు, జారుద్ది. జారి ఎక్కడికొచ్చిందో చూడు!" ఆవిడ కుడిచేతి వేళ్లు రెండింటికి గుడ్డ కట్టి ఉంది. పట్టాభి కొడవలి కింద పెట్టేశాడు.

"అలవాటు చేసుకోవాలి రత్నమ్మా" అన్నాడు వీరాచారి. "మా తాత నాటి నుంచి ఇటే కొడుతున్నాం."

"పాతికేళ్లు చేసుకున్నాను. ఇంక నువ్వు చేసుకో!" అంటూ ఆవిడ కొలిమి ముందే చతికిలబడింది. "కక్కు అటు కొట్టిందాకా లేవను. ఆ మంచి కొడవలి గోడకి తగిలించుకుని దణ్ణం పెట్టుకో."

వీరాచారి మొహం కందగడ్డయింది. కాసేపు ఊరికే సుత్తి మోదాడు. చివరికి, ఇంకా కక్కు పెట్టని కొడవలి ఒకటి తీసి, రెండో వైపు నుంచి చిన్న ఉలితో పళ్లు కొట్టడం మొదలెట్టాడు. చెయ్యి తిరగని పని కాబట్టి దెబ్బకో తిట్టు తిట్టాడు. ఆవిడ ఒక్క తిట్టూ బాకీ ఉంచుకోలేదు. పళ్లు ఎగుడుదిగుడుగా వచ్చాయి. కాల్చి నీళ్లలో ముంచి, ఆవిడ ముందు పడేశాడు. నూకరత్నం రోడ్డు పక్కకి వెళ్లి గుప్పెడు గడ్డి పట్టి ఎడమ చేత్తో లాగింది. పరపరా తెగింది. ఇంకో గుప్పెడు కోసింది. అప్పుడు కొంగు దోపుకుని, "వస్తా ఆచారీ" అని వెళ్లిపోయింది.

కత్తెర సాన పట్టించుకుని తిరిగి బయల్దేరాం. సగం దూరం వచ్చాక పట్టాభి ఒక్కసారిగా, "నలుగురిలో మాట పడ్డానండీ! నేనడిగింది కొడవలి సంగతి కాదు, కెమెరా సంగతి. చెప్పడం ఇష్టం లేకపోతే లేదనండి, అంతే కానీ ఇలా తిప్పడం ఏవిటండీ?" అన్నాడు. అతను మేస్టారి ముందు గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు.

మేస్టారు నడక ఆపారు.

"ఇది నా మీద కోపం పట్టాభీ. ఆవిడది పని సాగనివ్వని కొడవలి మీద కోపం. ఏ ఫోటో చేజారితే నీకు ఆవిడంత కోపం వస్తుందో, ముందు అది కనుక్కో. కెమెరాల కొట్టు ఎక్కడికీ పోదు" అన్నారు.